రాయగడకు టైటానిక్ 10294 తెప్పించాలి: కొరియరా, తపాలా, మనిషి చేతనా?

రాయగడ_765001 అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. లెగో టైటానిక్ (ప్లాస్టిక్ ముక్కలు అతికించి కట్టే ఓడ నమూనా), సెట్ నంబరు 10294, బయటి దేశం నుంచి తెప్పించాలి. 9,090 ముక్కలు, 2021లో విడుదలైంది, కట్టాక పొడవు 135 సెంటీమీటర్లు. సీలు విప్పని పెట్టె కావాలి, అట్టపెట్టె మూలలు కూడా నలగకూడదు. విదేశీ అమ్మకందారు కొరియర్‌లో పంపుతానంటున్నాడు, కావాలంటే తపాలాలోనూ పంపుతాడట. ఇవి కాక గల్ఫ్ నుంచి వచ్చే బంధువు సామానులో తెప్పించే వీలుంది. ఆయన హైదరాబాద్‌లోగానీ విశాఖలోగానీ దిగుతారు.

తెలియాల్సినవి ఇవి. డ్యూటీ ఏ లెక్కన వేస్తారు? 'గిఫ్ట్' అని రాయిస్తే తగ్గుతుందా? బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి కదా, దాని మీద ఆపేస్తారా? ఇంత పెద్ద పెట్టె రాయగడ దాకా నలగకుండా రావాలంటే ఏం చూసుకోవాలి?

పర్లాకిమిడి_గడప జవాబు:

రాయగడ గారూ, డ్యూటీ శాతం కంటే ముందు మీ పెట్టెను కస్టమ్స్ పట్టికలో ఏ శీర్షిక (వస్తువు రకానికిచ్చే నాలుగంకెల నంబరు) కింద లెక్క కడుతున్నారో చూసుకోవాలండి. అసలు తేడా అక్కడే వస్తుంది.

దుకాణదారులు దిగుమతి చేసుకునే బొమ్మలు 9503 శీర్షికలోకి వస్తాయి. వాటి మీద మూల సుంకం 2020 బడ్జెట్‌లో 20 నుంచి 60 శాతమైంది, 2023లో 70కి చేరింది. ఒక మనిషి తన వాడకానికి కొరియర్‌లోనో తపాలాలోనో తెప్పించుకునేది 9804 కిందకు రావాలి. అక్కడ చాలాకాలం 35 శాతం ఉండేది. సర్‌చార్జి, 28 శాతం ఐజీఎస్టీ (దిగుమతి మీద పడే జీఎస్టీ) కలిస్తే 77.28 శాతం అయ్యేది. పాత చర్చల్లో మీకు కనిపించే 77 శాతం ఇదే. మూల సుంకాన్ని 2025 బడ్జెట్‌లో 20కి దించారు. 2026 బడ్జెట్ ప్రసంగంలో దాన్ని 10కి తగ్గించే ప్రతిపాదన వచ్చింది. కాబట్టి పాత అంకెలు చూసి బెంగపడొద్దు, అలాగని వాటిని పట్టుకుని లెక్కా వేయొద్దు. డబ్బు కట్టే రోజున ఏ రేటుందో కస్టమ్స్ సైటులో చూసుకోండి.

లెక్క కట్టే తీరు మాత్రం మారదు. సెట్ ధర 60,000, పంపే ఖర్చు 12,000 అనుకోండి. బీమా రసీదు లేకపోతే ధర మీద 1.125 శాతం బీమా కింద వాళ్లే కలుపుతారు, అంటే 675. మొత్తం 72,675 మీద సుంకం మొదలవుతుంది. మూల సుంకం 10, ఐజీఎస్టీ 18 అనుకుంటే: మూలం 7,267.50, దాని మీద పదో వంతు సర్‌చార్జి 726.75. ఇవన్నీ కలిపిన 80,669.25 మీద ఐజీఎస్టీ 14,520. కట్టాల్సింది సుమారు 22,515. ఇదే పెట్టెను పొరపాటున 9503లో వేస్తే మూల సుంకం ఒక్కటే సుమారు 50,870 అవుతుంది.

ఈ పొరపాటు అరుదేమీ కాదు. ఇన్వాయిస్ మీద 'టాయ్' అని ఒక్క ముక్క రాసి ఉంటే కొరియర్ కంపెనీ గుమాస్తా నేరుగా 9503 కొట్టేస్తాడు. ఒకసారి బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రం) దాఖలయ్యాక దిద్దించడానికి వారాలు పడుతుంది. అందుకే పెట్టె బయల్దేరిన రోజే, ట్రాకింగ్ నంబరు చేతికి రాగానే, 'వ్యక్తిగత వాడకం, ఒక్కటే పెట్టె, 9804లో దాఖలు చేయండి' అని కొరియర్ కంపెనీ క్లియరెన్స్ విభాగానికి మెయిల్ పెట్టండి. పెట్టె ఇండియాలో దిగాక పెట్టే మెయిల్ చాలాసార్లు ఆలస్యమైపోతుంది.

గిఫ్ట్ అని మాత్రం రాయించొద్దు. 5,000 రూపాయల దాకా గిఫ్టుకు డ్యూటీ లేదన్న వెసులుబాటు 2019 డిసెంబరులో పోయింది. ఇప్పుడు గిఫ్టుగా క్లియరెన్స్ అడిగితే ప్రాణాధార మందులకు, రాఖీలకు తప్ప అనుమతి లేదు, పూర్తి డ్యూటీ కట్టాల్సిందే. మీరు అడగకపోయినా కొందరు అమ్మకందారులు మంచికే అనుకుని ఆ గడిలో టిక్ పెట్టేస్తారు. పెట్టొద్దని ఆర్డరులోనే రాయండి. ధర తక్కువ చూపించడమూ అంతే. సెట్ నంబరు పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉంటుంది, అధికారి ఫోనులో కొడితే అసలు ధర అరనిమిషంలో తెలుస్తుంది. ఆపైన విలువ పెంచి, జరిమానా వేసి, పెట్టెను వారాలు గోడౌనులో ఉంచితే ఆ అద్దె కూడా మీ మీదే పడుతుంది.

ఐఎస్ఐ సంగతికి వస్తే, 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న బొమ్మల నాణ్యత ఉత్తర్వు 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకోవడానికి చేసిన వస్తువులకు వర్తిస్తుంది. టైటానిక్ పెట్టె మీద 18+ అని అచ్చు వేసి ఉంటుంది. ఇన్వాయిస్‌లో వివరం ఇలా రాయించండి: 'ప్లాస్టిక్ ఇంటర్‌లాకింగ్ డిస్‌ప్లే మోడల్ కిట్, అడల్ట్ 18+, సెట్ 10294, ఒకటి, వ్యక్తిగత వాడకానికి.' అంతా నిజమే, దాచేదేమీ లేదు. 18+ కనిపించే పెట్టె ఫొటో ఒకటి దగ్గరుంచుకోండి. అడిగితే వెంటనే పంపవచ్చు. తుది నిర్ణయం మాత్రం ఆ అధికారిదే.

ఒకే సెట్ రెండు తెప్పించకండి. తమ్ముడికొకటి, మనకొకటి అని మీకు తెలుసు గానీ కాగితం మీద అది వ్యాపారంలా కనిపిస్తుంది. అక్కడి నుంచి దిగుమతిదారు కోడ్ అడుగుతారు, బీఐఎస్ (ఐఎస్ఐ గుర్తు ఇచ్చే సంస్థ) అనుమతి అడుగుతారు, ఇక కదలదు.

ఇంకొకటి, మన ఒడిశా వైపు తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు. మన ఆధార్ మీద ఇంటిపేరు చివర ఉంటుంది, పైగా ఒడియా పలుకుబడి ప్రకారం స్పెల్లింగు. షాపింగ్ సైటులోనేమో అలవాటు కొద్దీ ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా కొడతాం. కొరియర్ కేవైసీలో (గుర్తింపు కాగితాల తనిఖీలో) రెండూ కలవకపోతే పెట్టె ఆగుతుంది. ఆర్డరు పేరు ఆధార్ మీద ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే కొట్టండి.

బల్లార్పూర్_బొగ్గు జవాబు:

పై అన్న కాగితాల ముచ్చట మంచిగ చెప్పిండు. నేను పెట్టె సైజు, దారి సంగతి చెప్త.

కొరియరోళ్లు కిలోల బరువు, సైజు బరువు రెండూ చూసి ఎక్కువున్నదానికి పైసలు తీసుకుంటరు. సైజు బరువంటే పొడుగు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లల్ల గుణించి 5,000తో భాగించాలె. బయటి డబ్బా 65, 50, 35 అనుకోండ్రి. 1,13,750ని 5,000తో భాగిస్తే 22.75 కిలోలు. లోపల సామాను 15 కిలోలే ఉన్నా 23 కిలోల కిరాయి పడుతది. ఆ కిరాయి మీద మళ్ల డ్యూటీ. అందుకే 'షాపుల 15 శాతం డిస్కౌంట్ దొరికింది' అని తొందరపడొద్దు, ఒక్క సైజు బరువే ఆ డిస్కౌంట్ మొత్తం మింగేస్తది. ముందు ఇండియాల అమ్మే షాపుల ధర చూసి, బయటి సెట్ ధర, కిరాయి, డ్యూటీ, కొరియరోడు మన తరఫున డ్యూటీ కట్టినందుకు వేసే సర్వీస్ చార్జి, కార్డు మీద విదేశీ మారకం చార్జి, ఇవన్నీ కలిపి పోల్చుకోండ్రి. చానా సెట్లకు తేడా పెద్దగ మిగలదు. ఇక్కడ అసలు దొరకనివాటికి, అమ్మకం ఆపేసినవాటికే బయటికెళ్లి తెప్పించుడు అర్థముంటది.

మీకు సీలు పెట్టె కావాలన్నరు కాబట్టి ఇది మీకు పనికిరాదు గానీ, కట్టి చూసుకుందామనేటోళ్లకు ఒక మాట. అట్టపెట్టె లేకుండ లోపలి నంబర్ల సంచులు, స్టిక్కర్ షీటు, పుస్తకం మాత్రమే పంపుమంటే సైజు సగానికి సగం తగ్గుతది. పుస్తకం బరువు కూడా తీసేయొచ్చు, కట్టే సూచనలు లెగో సైటుల పీడీఎఫ్‌గ ఫ్రీగ దొరుకుతయి. స్టిక్కర్లు మాత్రం వదులుకోవద్దు, తర్వాత దొరకుడు కష్టం.

ఇగ మనిషి చేత తెచ్చుడు. విమానం సామానుకు మామూలుగ పొడుగు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటొద్దు, ఒక్కో బ్యాగు 32 కిలోలు దాటొద్దు. పైన చెప్పిన డబ్బా 150 అయితది, లోపలనే ఉన్నది. కాని దానికి బయటినుంచి ఇంకో అట్ట, బుడగల కవరు చుడితే అన్ని వైపులా నాలుగేసి సెంటీమీటర్లు పెరిగి 158 దాటిపోతది. టేపు పెట్టి కొలిచినంకనే చుట్టండ్రి.

డ్యూటీ లేని పరిమితి 2016 నియమాలల్ల 50,000 ఉండె, 2026 ఫిబ్రవరి నుంచి 75,000 చేసిండ్రు. పరిమితి మనిషికే, పెట్టెకు కాదు. భార్యభర్తల పరిమితి కలిపి ఒక్క సెట్ మీద చూపెడ్తమంటే ఒప్పుకోరు. పరిమితి దాటినంత మేర డ్యూటీ కట్టాలె, దాటినోళ్లు రెడ్ చానల్‌కే (విమానాశ్రయంల డ్యూటీ కట్టే సామాను చూపెట్టే దారికే) పోవాలె. ఒరిజినల్ బిల్లు ఆయన జేబులనే ఉండాలె, చెక్-ఇన్ బ్యాగుల కాదు. దుబాయిల 5 శాతం వ్యాట్ వాపసు టూరిస్టులకే వస్తది, అక్కడ పనిచేసే వీసా ఉన్నోళ్లకు రాదు. మీ బంధువు అక్కడ కొలువుల ఉంటే ఆ 5 శాతం లెక్కల కలపకండ్రి.

సిరోంచ, అహేరి దిక్కు మనోళ్లు అడిగితే నేను ఒకటే చెప్త: పిన్‌కోడ్ (సిరోంచకైతే 442504) కొరియర్ సైటుల కొట్టి చూడండ్రి. డెలివరీ పరిధి బయట అని వస్తే అదనపు చార్జి పడుతది, కొన్నిసార్లు చంద్రపూర్‌లనే ఆగి, వచ్చి తీసుకపొమ్మంటరు. అట్లాంటప్పుడు ప్రాణహిత అవతల మంచిర్యాలల ఉన్న చుట్టాల పేరు మీదనే మొత్తం ఆర్డరు పెట్టుడు నయం. పేరు మీది, అడ్రసు వాళ్లది పెడితే కేవైసీల చిక్కు వస్తది. పేరూ అడ్రసూ కాగితాలూ ఒక్కరివే ఉండాలె.

రాయగడ_765001:

వివరంగా చెప్పారు, ఇద్దరికీ కృతజ్ఞతలు. బంధువు చేత తెప్పించడమే మేలనిపిస్తోంది. ఆయన విశాఖలో దిగితే అక్కడి నుంచి రైల్లో తేవచ్చా? కొరియరే అయితే కస్టమ్స్‌వాళ్లు పెట్టె విప్పుతారా? తపాలా సంగతి ఎవరూ చెప్పలేదు.

బరంపురం_చిన్నబజారు జవాబు:

రైలు సంగతి ముందు. బోగీలోకి తీసుకెళ్లగలిగే ట్రంకు కొలత 100, 60, 25 సెంటీమీటర్లు. థర్డ్ ఏసీలో ఇంకా తక్కువ, 55, 45, 22.5. స్లీపర్‌లో ఉచిత బరువు 40 కిలోలు కాబట్టి బరువుతో ఇబ్బంది లేదు, ఎత్తే ఇబ్బంది. 35 సెంటీమీటర్ల డబ్బా బెర్తు కిందకు దూర్చితే పైమూలలు రాసుకుపోతాయి. నిలబెడితే దారికి అడ్డం, ప్రతివాడి కాలూ తగులుతుంది. పార్సెల్ వ్యానులో వేస్తే దాని మీద ఏ మూట పడుతుందో చెప్పలేం. మూలలు నలగకూడదన్నది మీ షరతు కాబట్టి విశాఖ నుంచి విజయనగరం, పార్వతీపురం మీదుగా కారులో తెచ్చుకోవడమే మంచిది, వెనక సీటు మీద పడుకోబెట్టి. రైలే అయితే అట్టపెట్టెకు చుట్టూ రెండంగుళాల థర్మోకోల్ పలకలు, దాని మీద ఐదు పొరల అట్టడబ్బా వేయించండి.

కొరియర్ అయితే అడ్రసులో 'రాయగడ, ఒడిశా, 765001' అని మూడూ ఉండాలి. ఊరి పేరొక్కటే చూసి పంపిన పెట్టెలు ఛత్తీస్‌గఢ్ రాయ్‌గఢ్ (496001) వైపు, మహారాష్ట్ర రాయ్‌గడ్ జిల్లా వైపు పోతాయి. మన గజపతి జిల్లాలోనే ఇంకో రాయగడ ఉంది. జయపురంవాళ్లకు ఇంకా కష్టం, ఇంగ్లీషు స్పెల్లింగు కాస్త తడబడితే చాలు, పెట్టె రాజస్థాన్ జైపూర్ చేరుతుంది. జయపురం అయితే 764001 తప్పకుండా వేయండి, ఫోన్ నంబరు రెండు చోట్ల రాయండి.

తపాలా సంగతి. బరువు పరిమితి పంపే దేశాన్ని బట్టి 20 లేదా 30 కిలోలు ఉంటుంది. అక్కడి పోస్టాఫీసు కొలతల పరిమితి కూడా చూడాలి, టైటానిక్ లాంటి పెట్టె చాలాచోట్ల ఏదో ఒక పరిమితి దగ్గర ఆగిపోతుంది. ఆగకపోతే ఖర్చు తక్కువ. విదేశీ తపాలా కార్యాలయంలో కస్టమ్స్ లెక్క కట్టి పంపుతారు, డ్యూటీ మీరు మీ పోస్టాఫీసులోనే కడతారు. కొరియర్‌వాళ్ల సర్వీస్ చార్జి ఉండదు. ట్రాకింగ్ నంబరు మొదటి అక్షరం ఇంగ్లీషు 'ఈ' అయితే ఈఎంఎస్ (వేగంగా వచ్చే తపాలా), 'సీ' అయితే మామూలు పార్సెల్. ఇండియా పోస్ట్ సైటులో అదే నంబరు పనిచేస్తుంది. కస్టమ్స్‌కు కాగితాలు కావాలంటే ఉత్తరం వస్తుంది, దానికి గడువు ఉంటుంది. ఆ ఉత్తరం ఊళ్లో లేనప్పుడు వచ్చి వెనక్కి పోతే పెట్టె కూడా వెనక్కి పోతుంది. పోస్ట్‌మాస్టరుకు ముందే ఒక మాట చెప్పి ఉంచండి. ఇంత బరువు ఇంటికి తేరు, మీరే వెళ్లి తెచ్చుకోవాలి.

పెట్టె విప్పుతారా అంటే, విప్పే హక్కు వాళ్లకుంది. చాలావరకు ఎక్స్‌రేతో సరిపెడతారు. విప్పితే బయటి డబ్బానే విప్పి వదిలేసేలా మనం చేయగలిగింది ఒకటుంది: ఇన్వాయిస్ ప్రతి, పెట్టె ఆరువైపులా తీసిన ఫొటోల ముద్రిత కాగితం బయటి డబ్బా లోపల, అసలు పెట్టె పైన పెట్టించండి. లోపల ఏముందో అక్కడే కనిపిస్తే సీలు కోసే పని చాలాసార్లు తప్పుతుంది. పర్లాకిమిడి గారు ఫొటో దగ్గరుంచుకోమన్నారు, నేను పెట్టెలోనే ఉంచమంటాను.

చేతికొచ్చాక సంతకం పెట్టేముందు నాలుగు మూలలు, కస్టమ్స్ టేపు ఎక్కడెక్కడుందో చూడండి. నలిగి ఉంటే డెలివరీ కాగితం మీదే 'డబ్బా నలిగింది' అని రాసి సంతకం చేయండి, ఊరికే సంతకం పెట్టేస్తే తర్వాత క్లెయిమ్ నిలవదు. అట్ట మొదటి కోత నుంచి లోపలి సీళ్లు కనిపించేదాకా ఆపకుండా ఒకే వీడియో తీయండి. బిల్ ఆఫ్ ఎంట్రీ నకలు కూడా అడిగి తీసుకోండి. ఏ శీర్షికలో వేశారో అందులోనే తెలుస్తుంది, రేపు అమ్మాలనుకున్నా అదే రుజువు.

పాత సెట్లు వెతికేవాళ్లకు ఇంకొక మాట. 2018కి ముందు నాటి ఎరుపు గోధుమ, ముదురు ఎరుపు రంగు ముక్కలు పెళుసుబారి, కడుతుండగానే పగులుతాయి. అది తయారీలో ఉన్న లోపం, దాచుకున్నవారి తప్పు కాదు. 2017 తాజ్‌మహల్ (10256, 5,923 ముక్కలు) లాంటి తెల్లటి సెట్లకు ఆ బాధ లేదు, ఎండ తగిలితే పసుపెక్కే బాధ ఉంది. సగం ధరకే 'అదే సెట్' అంటే ఒక ముక్క బుడిపె దగ్గరి నుంచి తీసిన ఫొటో అడగండి. అసలు ముక్కలో ప్రతి బుడిపె మీద లెగో పేరు పోత పోసి ఉంటుంది. నకిలీలైతే 2007 నాటి మేధోసంపత్తి నియమాల కింద కస్టమ్స్ పట్టుకోవచ్చు, అప్పుడు డబ్బూ రాదు, సెట్టూ రాదు.

బల్లార్పూర్_బొగ్గు:

మంచిగ చెప్పినవ్ అన్నా. దాచుకునే సంగతి నేను కలుపుత, ఎందుకంటే ఇంత ఖర్చు పెట్టి తెచ్చిన పెట్టె ఇంట్ల పాడైతే మనసొప్పది.

మా చాందా (చంద్రపూర్) జిల్లా ఎండలకు ముక్కలు కరగవు, ఆ ప్లాస్టిక్ మెత్తబడాలంటే 100 డిగ్రీలు దాటాలె. కరిగేది స్టిక్కర్ల జిగురు, ఎండిపోయేవి రబ్బరు ట్రాకులు, గొట్టాలు. రేకుల కింద అటక మీద మాత్రం పెట్టకండ్రి. రాయగడ దిక్కు వానలకు అట్టపెట్టె తేమ పీల్చి ఉబ్బుతది. గోడకు నాలుగంగుళాలు దూరంగ, నేల మీద కాకుండ చెక్క పీట మీద, పడుకోబెట్టి పెట్టండ్రి. నిలబెడితే లోపలి బరువంతా ఒక పక్కకు చేరి అట్ట ఉబ్బుతది. ప్లాస్టిక్ కవరుల మొత్తం మూసేస్తే లోపలి తేమ బయటికి పోదు. పాత నూలు దుప్పటి కప్పి, సిలికా జెల్ సంచులు పక్కన పెట్టి, వానాకాలంల నెలకోసారి మార్చండ్రి.

కట్టి చూపించుకునేటోళ్లకు టైటానిక్ మూడు భాగాలుగ విడిపోతది, ఇల్లు మారేటప్పుడు అట్లనే మోయండ్రి. ఈఫిల్ టవర్ (10307, 10,001 ముక్కలు) 149 సెంటీమీటర్లు, మామూలు అల్మారాల పట్టది. మా దగ్గర బొగ్గు దుమ్ము, మీ దగ్గర ఎర్రమట్టి. మెత్తటి మేకప్ బ్రష్‌తో వారానికోసారి దులపాలె. కడుగుడు తప్పకపోతే నీళ్లు 40 డిగ్రీలు దాటొద్దని లెగో కంపెనీయే చెప్తది. మే నెలల మిద్దె మీది ట్యాంకు నీళ్లు అంతకన్న వేడుంటయి, పొద్దుగాల పట్టుకున్న నీళ్లతోనే కడగండ్రి.

పర్లాకిమిడి_గడప:

రాయగడ గారూ, మీ బంధువు తేదీ ఖాయమైతే ఆయన కొనకముందే బిల్లు మొత్తాన్ని అప్పుడు అమల్లో ఉన్న కస్టమ్స్ మారకపు రేటుతో రూపాయల్లోకి మార్చి చూడండి. బ్యాంకు రేటూ కస్టమ్స్ రేటూ ఒకటి కావు. 75,000కు రెండు మూడు వేలు ఇటూ అటూ ఉన్న సెట్ అయితే గట్టున పడేదీ నీళ్లలో పడేదీ ఆ తేడాతోనే తేలుతుంది. దాటేట్టుంటే ఆయన్ని ముందే రెడ్ చానల్‌కు వెళ్లమని, డ్యూటీకి కార్డు దగ్గరుంచుకోమని చెప్పండి.